క్లచ్ మీద కాలు

మా ఆయన గంగారాం మనుషులను ఇట్టే నమ్ముతాడు గానీ మిషన్లను నమ్మడు. సూరత్‌లో ఇరవై ఏడేళ్లుగా మరమగ్గాల మధ్యే ఉన్నాడు. మొదట నేత పని, తర్వాత మగ్గాలు బాగుచేసే మాస్టరు. జోల్వాలో ఒక సేఠ్ షెడ్డులో డెబ్బై మగ్గాలు ఆయన చెప్పినట్టు వింటాయి. అలాంటి మనిషికి మా వంటింటి మిక్సీ అంటే అనుమానం. నేను పల్లీల చట్నీకి మిక్సీ పెడితే చాలు, ఎక్కడున్నా లేచి వచ్చి, గోడకు ఆనుకుని, స్విచ్ మీద చెయ్యి వేసి నిలబడతాడు. అది తిరిగినంతసేపూ ఆ చెయ్యి అక్కడి నుంచి కదలదు. మిక్సీ కొన్న కొత్తలో అదంతా నా మీద ప్రేమ అనుకుని లోలోపల మురిసిపోయాను. పక్కింటి మరాఠీ ఆవిడ పిండి గ్రైండరు దగ్గర కూడా అలాగే నిలబడేసరికి నా మురిపెం కాస్తా తీరిపోయింది.

ఒకసారి అడిగాను కూడా, ఆ చెయ్యి అక్కడ ఎందుకని.

"ఏం చెయ్యి?" అన్నాడు. తన చెయ్యినే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. అబద్ధం కాదు, ఆయనకు నిజంగానే తెలియదు.

ఈ చెయ్యి సంగతి గుర్తుంచుకోండి. ఇప్పుడు కారు సంగతి చెబుతాను.

2020లో లాక్‌డౌన్ వచ్చి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు మా గోడాదరాలో మనుషులు మాట్లాడే మాటలు మనుషులకు వినబడటం మొదలైంది. అది చాలామందికి కొత్త. రైళ్లు లేవు, బస్సులు లేవు. మావాళ్లు ఎంతోమంది లారీల్లో టార్పాలిన్ల కింద కూర్చుని ఊళ్లకు పోయారు. మేమిద్దరం, మా అమ్మాయి సంధ్యారాణి, రెండు నెలలు ఒకే గదిలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ గడిపాం. మూడో వారంలోనే మా ఆయన ప్రకటించాడు.

"సొంత బండి ఉండాలె పద్మా. గిట్ల ఇరుక్కపోవద్దు."

బండి నడపడం ఆయనకు వచ్చా అంటే, సగం వచ్చు. లాక్‌డౌన్‌కు ముందు డ్రైవింగ్ స్కూల్లో చేరాడు. పన్నెండో రోజున స్కూలు మూతపడింది. లైసెన్సు తర్వాత ఎలాగో చేతికొచ్చింది గానీ, మిగిలిన పాఠాల్లో ఏముందో మాకెవరికీ తెలియలేదు.

అప్పుడే రాజలింగం అన్న తన కారు అమ్ముతానన్నాడు. రాజలింగం, మా ఆయన ఒకే రైల్లో కోరుట్ల వైపు నుంచి సూరత్ వచ్చినవాళ్లు. బమ్రోలిలో ఒకే గదిలో, ఒకే చాప మీద పడుకున్నవాళ్లు. వరసకు బావా బామ్మర్దులు కాకపోయినా "బావా" అంటే "బావా" అనుకునేవాళ్లు. నాకు ఆయన అన్న, ఆయన భార్య భూదేవి నాకు వదినె. పన్నెండు మగ్గాలు కిరాయికి తీసుకుని నడిపిన కాలంలో రాజలింగం అన్న ఒక చిన్న ఎస్‌యూవీ కొనుక్కున్నాడు. ఇటుక రంగు, డీజిలు బండి, అప్పటికే దాని వయసు ఏడేళ్లు. లాక్‌డౌన్‌తో మగ్గాలు పోయాయి. బండి మిగిలింది.

"నా బండి నీ కాడుంటే నా కాడున్నట్టే బావా," అన్నాడు.

మా ఆయన బండిని పరీక్షించిన తీరు చూడాల్సిందే. ఇంజను ఆన్ చేయించి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని పావుగంట నిలబడ్డాడు. మగ్గానికి జబ్బు చేసినా ఆయన ఇలాగే చూస్తాడు. చెవులు మగ్గాల చప్పుడుకు ఎప్పుడో మొద్దుబారాయి, అరచెయ్యే ఆయనకు చెవి. చివరికి కళ్లు తెరిచి, "ఫస్ట్ క్లాస్ బండి," అన్నాడు. అది నిజమే. ఆ రోజుకు అది ఫస్ట్ క్లాస్ బండే.

కారు వచ్చాక మా ఇంట్లో ఒక కొత్త చట్టం వచ్చింది. ముందు సీట్లో ఆయన పక్కన ఎవరూ కూర్చోకూడదు. కరోనా కాలం కదా, దూరం పాటించాలి, పర్వత్ పాటియా దగ్గర పోలీసులు ఎవరినో ఆపారట. కాబట్టి ఆయన ముందు ఒక్కడే, నేనూ సంధ్యా వెనక, కిటికీలన్నీ తెరిచి, ముగ్గురికీ మాస్కులు. చూసేవాళ్లకు మేమిద్దరం సేఠానీలం, ఆయన మా డ్రైవరు. నాకైతే ఆ చట్టం బాగానే నచ్చింది.

దీపావళి తర్వాత ఆయనకు కరోనా వచ్చి తగ్గింది. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది గానీ వాసన తెలియకుండా పోయింది. నేను చేపల కూర చేసినా, ఇంగువ పోపు పెట్టినా ఒకటే ముఖం. డిసెంబరులో ఒక ఆదివారం ముగ్గురం బయటికి వెళ్తున్నాం. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజను గొంతు చించుకుని అరిచింది. బండి మాత్రం కదలాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు మెల్లగా పాకింది. ఒకాయన జామకాయల తోపుడుబండి తోసుకుంటూ మమ్మల్ని దాటి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ జాలిగా చూశాడు కూడా.

"పప్పా, ఇంజిన్ చిల్లా రహా హై, గాడీ చల్ నహీ రహీ," అంది మా సంధ్య. ఇంజను అరుస్తోంది గానీ బండి నడవడం లేదని. సూరత్‌లో పుట్టిన పిల్ల, కంగారు పడితే తెలుగు రాదు.

"ఏదో కాల్తున్నదయ్యా, వాసన అస్తున్నది," అన్నాను నేను.

"నాకస్తలేదు," అన్నాడు ఆయన.

"నీకు దీపావళి సంది ఏ వాసనా అస్తలేదు గదా."

నిజం చెప్పాలంటే ఆ కాలిన వాసనకు నేను లోపల సంతోషించాను. ఆ రోజుల్లో ముక్కుకు వాసన తగిలిందంటే డాక్టరు మంచి మాట చెప్పినట్టే. సంధ్య కూడా నాలుగుసార్లు గట్టిగా పీల్చి చూసుకుంది.

గోడాదరాలోనే బ్రహ్మచారి అనే మెకానిక్ గ్యారేజీ ఉంది. నిర్మల్ వైపు మనిషి, మా తమ్ముడి వయసు. కరోనా అంటే ఎంత భయమంటే, గ్యారేజీ ముందు ఒక స్టూలు వేసి దాని మీద శానిటైజర్ గిన్నె పెట్టాడు. తాళంచెవి అందులో వేసి మనం నాలుగడుగులు వెనక్కి జరగాలి. అప్పుడు వచ్చి తీసుకుంటాడు. బండి ట్రయల్ చూసినా ఒక్కడే చూస్తాడు, ఎవరినీ పక్కన కూర్చోనివ్వడు, ఎవరి పక్కనా తాను కూర్చోడు.

"క్లచ్ ప్లేటు పోయింది మాస్టర్," అన్నాడు దూరం నుంచి. "ఇంజను తిరుగుడును చక్రాలకు పట్టిచ్చేది గా ప్లేటే. అది కాలి నున్నగైంది. పట్టు లేదు. అందుకే ఇంజను అరుస్తది, బండి కదలది."

కొత్త ప్లేటు వేశాడు. పనిలో పనిగా కాలితో తొక్కే పెడళ్ల రబ్బర్లు పాతవైపోయాయని అవీ కొత్తవి వేశాడు. బండి మళ్లీ కొత్త పెళ్లికొడుకులా తిరిగింది. రెండు నెలలు గడిచాయో లేదో, ఫిబ్రవరిలో అదే ఫ్లైఓవర్, అదే అరుపు, అదే వాసన. జామకాయలాయన మాత్రం ఆ రోజు రాలేదు.

ఈసారి బ్రహ్మచారి తల గోక్కున్నాడు. "ఇంత జల్ది పోవద్దు మాస్టర్. మీరు జర ఎట్ల నడుపుతున్నరు?"

అంతే. మా ఆయనకు కోపం నషాళానికి అంటింది. "నువ్వు పుట్టకముందు సంది మిషన్లు నడుపుతున్న నేను. నన్ను ఎట్ల నడుపుతున్నవని అడుగుతవా?"

బ్రహ్మచారి మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. ఇంకో ప్లేటు వేశాడు.

మా ఆయన తప్పు కాదు, మెకానిక్ తప్పు కాదు అనుకున్నాక ఇక మిగిలిందెవరు? రాజలింగం అన్న. బండిలో లోపల ఏదో పెద్ద రోగం ఉందని, అది తెలిసే తనకు అంటగట్టాడని మా ఆయన తీర్మానించాడు. పోయి ముఖాన అడిగినా బాగుండేది. సూరత్‌లో ఉన్న మావాళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, రెండు వందల మంది. అందులో గొంతు సవరించుకుని మాట్లాడి పంపాడు.

"అందరికి నమస్తే. నేను గంగారాంను. ఎవలన్న పాత బండి కొనేటోళ్లుంటే జర చూస్కొని కొనుర్రి. దోస్తు గదా, బావ గదా అని నమ్మితే నా లెక్కనే మునుగుతరు. పేరు నేను చెప్ప. నేను బండి ఎవరి కాడ కొన్ననో మీకందరికి ఎరుకే."

నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికే మెసేజ్ వెళ్లిపోయింది. కాసేపటికి గ్రూపులో ఒక చిన్న వాక్యం వచ్చింది, రాజలింగం గ్రూపు నుంచి వెళ్లిపోయాడని.

ఆ రోజు నుంచి మా రెండిళ్ల మధ్య మాటల్లేవు. వాళ్లిల్లు మాకు రెండు గల్లీల అవతలే. సంధ్య పుట్టినప్పుడు నాకు పథ్యం వండిపెట్టింది భూదేవి వదినె. ఆమెకు ఆపరేషన్ అయితే నెలరోజులు వాళ్లింటి గిన్నెలు తోమింది నేను. అలాంటిది, కూరగాయల బండి దగ్గర ఎదురైతే మాస్కులోంచి కళ్లు మాత్రం చూసుకుని తప్పుకునేవాళ్లం. ఒకరోజు ఆగి, మెల్లగా అంది, "నీ మీద నాకేం లేదు వదినె. దొంగను చేసినంక ఆయన అన్నం సరిగ తింటలేడు. ఆయన మొఖం చూసి నిన్ను పిలువబుద్ది కాలే."

ఏప్రిల్‌లో రెండో విడత కరోనా వచ్చింది. గ్రూపులో రోజూ ఎవరో ఒకరి పేరు, కింద చేతులు జోడించిన బొమ్మలు. రాజలింగం అన్న పన్నెండు రోజులు జ్వరంతో పడిపోయాడు. మా ఆయన రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. ఎక్కడికంటే చెప్పడు. వాళ్ల గల్లీ మొదట్లో నిలబడి, వాళ్ల తలుపు వైపు చూసి, తిరిగి వస్తాడని కిరాణా కొట్టాయన నాతో చెప్పాడు.

"తగ్గిందటనా?" అని అడిగేవాడు నన్ను, ఎవరికో అన్నట్టు.

"పోయి అడుగరాదు?"

"నాకేం పని?" అని మూతి ముడుచుకుని, కాసేపాగి మళ్లీ, "ఆక్సిజన్ ఎంతున్నదట?" అనేవాడు.

అన్నకు తగ్గింది. కానీ జూన్‌లో ఒకరోజు భూదేవి వదినె ఫోన్ చేసి ఏడ్చింది. సూరత్ ఖాళీ చేసి పోతున్నారట. సిరిసిల్లలో ఆమె తమ్ముడి షెడ్డులో పని ఉందట. ఆదివారం సాయంత్రం నాలుగింటికి బస్సు. ఊళ్లోకి రాదు, కడోదరా చౌరస్తా నుంచే పోతుంది.

"మల్ల ఎన్నడో వదినె," అంది. "గిట్ల మాటల్లేకనే పోతున్నం."

నాకు ఆ రోజు అన్నం దిగలేదు. ఇన్నేళ్ల చుట్టరికం, రక్తసంబంధం కాదు గనుక ఇంకా గట్టిది, ఒక ఇటుక రంగు డబ్బా మూలాన తెగిపోతోంది. ఆదివారం లోపల వీళ్లిద్దరూ మాట్లాడుకోకపోతే ఇక జన్మలో మాట్లాడుకోరు. ఇద్దరూ ఫోన్లో మొదటి మాట అనే రకం కాదు.

ఇంతకూ మా కారు ఎక్కడుంది? మళ్లీ గ్యారేజీలో. మూడో ప్లేటు.

శుక్రవారం ఆయన డ్యూటీలో ఉంటే బండి అయిందో లేదో చూడటానికి నేనే పోయాను. బ్రహ్మచారి అటూ ఇటూ చూసి, నాలుగడుగుల దూరాన్ని రెండడుగులకు తగ్గించాడు. అంటే పెద్ద సంగతే అన్నమాట.

"అక్కా, గీడ చూడు," అని డ్రైవరు వైపు తలుపు తీసి కిందికి చూపించాడు. "బ్రేకుది, క్లచ్‌ది, రబ్బర్లు రెండూ ఒక్కనాడే కొత్తయి ఏసిన. డిసెంబర్ల."

చూశాను. బ్రేకు రబ్బరు మీద గీతలు కొత్తవి కొత్తగానే ఉన్నాయి. పక్కన క్లచ్ రబ్బరు మీద ఒక్క గీత లేదు. నున్నగా అరిగి, నడుమ గుంట పడి, దాని మీద చెప్పు అడుగు ఆకారం అచ్చు పోసినట్టు ఉంది.

"గేరు మార్చినప్పుడు తొక్కి వెంటనే కాలు తియ్యాలె. మాస్టర్ తీస్తలేడు. ఇంటికాడ కాలు పెడితే కార్ఖాన దాంక ఆ కాలు ఆన్నే ఉంటున్నది. అట్ల కొద్దికొద్దిగ ఒత్తి పట్టి నడిపితే ప్లేటు కాలక ఏం జేస్తది? బండి మంచిదక్కా. ఇంజను మంచిది, గేరుబాక్సు మంచిది. రాజలింగమన్న పాపం ఏం తప్పు చెయ్యలే."

"మరి చెప్పకపోయినవా?"

"ఒకపారి అడిగితేనే తిట్టిండు. రెండోపారి నాకు ధైర్యం లేదు."

నేను ఆ అరిగిన రబ్బరునే చూస్తూ ఉండిపోయాను. మిక్సీ స్విచ్ గుర్తొచ్చింది. దాని వెంటే ఇంకొకటి గుర్తొచ్చింది.

మా పెళ్లికి ముందు ఏడాది, బమ్రోలిలో జరిగింది. మా ఆయన ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు, భూదేవి వదినె చెప్పగా విన్నాను. మగ్గానికి ఒక హ్యాండిల్ ఉంటుంది. ముందుకు తోస్తే మగ్గం ఆడుతుంది, వెనక్కి లాగితే ఆగుతుంది. వీళ్ల మగ్గాలు పాతవి, ఒకదానికి హ్యాండిల్ ఆగే గాడి అరిగిపోయింది. ఎవరైనా పట్టుకుని ఉండకపోతే దానంతటదే ముందుకు జారేది. ఒకరోజు అటూ ఇటూ దారం మోసే నాడె ఇరుక్కుంటే రాజలింగం అన్న లోపల చెయ్యి పెట్టి తీస్తున్నాడు. హ్యాండిల్ పట్టుకుని నిలబడింది మా ఆయన. ఎవరో పేరు పెట్టి పిలిచారు. చెయ్యి వదిలి అటు తిరిగాడు. ఒక్క క్షణమే. హ్యాండిల్ జారింది, మగ్గం ఆడింది. రాజలింగం అన్న కుడిచేతి చిటికెన వేలు సగం పోయింది.

వేలు సంగతి నాకు తెలుసు. మిక్సీ సంగతీ తెలుసు. రెండూ ఒకటే సంగతి అని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఆ రోజు నుంచి మా ఆయన ఏ మిషన్ దగ్గరా దాన్ని ఆపే చోటు వదిలిపెట్టలేదు. కారులో ఇంజనును చక్రాల నుంచి విడదీసే ఆ చోటు కాలి కింద ఉంది, అంతే తేడా. గ్యారేజీలో నిలబడే కళ్లు తుడుచుకున్నాను. బ్రహ్మచారి గాభరాపడి శానిటైజర్ గిన్నె నా వైపు జరిపాడు.

ఇంటికొచ్చాక మెల్లగా కదిపి చూశాను.

"బండి నడిపేటప్పుడు నీ ఎడమకాలు ఏడుంటది?"

"కాలు ఏడుంటది? ఒంటికే ఉంటది."

"క్లచ్ మీద పెట్టుకునే నడుపుతవేమో."

"నాకేం పిచ్చా? పని లేకుంట ఆడ కాలెందుకు పెడుత? నీకు బండి నడుపుడు ఎరుకనా?"

"ఎరుక లేదు."

"మరి?"

ఆ "మరి"తో చర్చ ముగిసింది. నేను చూశానని చెబుదామంటే వెనక సీట్లోంచి నాకు ఆయన మెడ, రెండు చెవులకూ మాస్కు తాళ్లు తప్ప ఏమీ కనబడవు. ఆయన కాలును ఆయనకు చూపించగల మనిషి సూరత్‌లో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఎల్లుండి ఊరు వదిలిపోతున్నాడు. భూదేవి వదినెకు ఫోన్ చేసి, కడోదరాకు మా కారులోనే పోదామని చెప్పేశాను. ఆయనను అడగలేదు. బండి గ్యారేజీ నుంచి ఇంటికొచ్చాకే చెప్పాను.

"నేను రాను," అన్నాడు ఆయన.

"సరే. తాళంచెవి అక్కడ పెట్టు. నేనే నడుపుత."

నా ముఖం చూశాడు. నిజంగానే నడిపేటట్టు ఉన్నానని అనిపించిందేమో, చొక్కా వేసుకున్నాడు.

సామాను ఎక్కించేటప్పుడు చూడాలి ఆ ఇద్దరినీ. ఒకే ఇనుప పెట్టె, ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకున్నారు. మధ్యలో రెండు మూరల దూరం.

"పద్మా, పెట్టె అడ్డం పెట్టాలెనని చెప్పు," అన్నాడు మా ఆయన.

"భూదేవీ, నిలువు పెడితేనే పడుతదని చెప్పు," అన్నాడు రాజలింగం అన్న.

పెట్టె ఏటవాలుగా పట్టింది. డిక్కీ నిండింది. మిగిలిన మూటలు, టేబుల్ ఫ్యాను, బియ్యం డబ్బా అన్నీ నేనే దగ్గరుండి వెనక సీట్లో సర్దించాను. మా ఇద్దరు ఆడవాళ్లం ఇరుక్కుని కూర్చోవడానికి తప్ప అక్కడ చోటు లేకుండా చేశాను. సంధ్యను పరీక్ష ఉందని ఇంట్లోనే ఉంచేశాను. ఇక మిగిలింది ముందు సీటు. రాజలింగం అన్న ఆ తలుపు దగ్గర నిలబడి, "నేను ఆటోల అస్త," అన్నాడు. గల్లీలో ఒక్క ఆటో లేదు. కాసేపు నిలబడి, ఎక్కాడు. మా ఇంటి చట్టం ఆ రోజుకు రద్దయింది.

బండి కదిలింది. పర్వత్ పాటియా దాటాం. మా ఆయన రోడ్డునే చూస్తున్నాడు. అన్న కిటికీలోంచి మార్కెట్ల షట్టర్లు చూస్తున్నాడు. నా ఆలోచన వదినెకు కూడా చెప్పలేదు. ఆ అరిగిన రబ్బరు రాజలింగం అన్న కంట పడితే ఏమంటాడు? అనడానికి ఆయనకు హక్కుంది. రెండు వందల మంది ముందు దొంగను చేసినవాడి తప్పు కాళ్ల దగ్గరే దొరికితే ఎవరు ఊరుకుంటారు? ఒక్క నవ్వు నవ్వితే చాలు, మా ఆయన బండి అక్కడే ఆపేసి దిగి నడిచి వెళ్లిపోతాడు. ఉన్న కాస్త అవకాశం కూడా నేనే పాడుచేస్తున్నానేమో అనిపించింది.

కాలువ మీద వంతెన ఎక్కుతుంటే వాసన మొదలైంది. మొదట నా ముక్కుకు, తర్వాత వదినె ముక్కుకు. అన్న మాస్కు కిందికి జరిపి గాలి పీల్చాడు. డాష్‌బోర్డు చూశాడు. తర్వాత చూపు కిందికి దింపాడు. అక్కడే ఆగిపోయింది ఆ చూపు. పక్క నుంచి ఆయన చెంప ఒకటే నాకు కనబడుతోంది. అది కదలలేదు. నేను వదినె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"బావా," అన్నాడు రాజలింగం అన్న. నాలుగు నెలల్లో మొదటి మాట.

"ఆఁ," అన్నాడు మా ఆయన, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

అన్న కుడిచెయ్యి చాచి స్టీరింగ్ ముందు పెట్టాడు. నాలుగున్నర వేళ్లూ విప్పి చూపించాడు.

"నా చెయ్యి మగ్గంల లేదు. ఇగో, బయటనే ఉన్నది. కాలు తియ్యి."

మా ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆ చేతిని చూశాడు. తర్వాత కిందికి చూశాడు. తన ఎడమకాలు క్లచ్ మీద ఉండటం ఆయన చూడటం అదే మొదటిసారి. మెల్లగా కాలు తీసి పక్కన పెట్టాడు. బండి ఒక్క ఊపున వంతెన ఎక్కింది.

వంతెన దిగాక రోడ్డు పక్కన ఆపాడు. హ్యాండ్‌బ్రేకు వేశాడు. స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాడు. మా పెళ్లయి ఇరవై మూడేళ్లు. ఆయన ఏడవడం నేను చూడలేదు, సొంత తండ్రి పోయినప్పుడు కూడా.

"ఆనాడు పిలిచినోడెవడో కూడ నాకు యాదికి లేదు బావా," అన్నాడు. "ఎందుకు తిరిగిననో యాదికి లేదు."

"సగం వేలు," అన్నాడు రాజలింగం అన్న. నవ్వడానికే చూశాడు. "నాకు దాని యాదే లేదు. నువ్వు గింత కాలం పట్టుకొని కూసున్నవు. ప్లేట్ల మీద ప్లేట్లు కాలబెట్టినవు. ఇగ ఇడువు."

"నిన్ను దొంగ అన్న."

"గది వేరే లెక్క," అన్నాడు అన్న వెంటనే. "గది గీడ కార్ల గాదు. ఏడ అన్నవో ఆన్నే సాఫ్ చెయ్యాలె."

కడోదరా చౌరస్తాలో బస్సు ఇంకా రాలేదు. మా ఆయన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఆరుసార్లు మొదలుపెట్టి ఆరుసార్లు చెరిపేశాడు. ఏడోసారి చిన్నదిగా చెప్పి పంపాడు. "నేను గంగారాంను. బండి మంచిది. రాజలింగం బావ ఇంక మంచోడు. తప్పు నా కాలుది." రాజలింగం అన్న గ్రూపులో లేడు కదా, నా ఫోన్లో విన్నాడు. సౌండు పెంచమని ఇంకోసారి విన్నాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లందరికీ వినబడేలా మూడోసారి విన్నాడు. మా ఆయన తల వంచుకుని మూడుసార్లూ భరించాడు.

బస్సు వచ్చింది. పెట్టెను ఇద్దరే ఎత్తి పైకి ఎక్కించారు. ఈసారి అడ్డమా నిలువా అని మమ్మల్ని అడగలేదు. వదినె నన్ను పట్టుకుని వదల్లేదు. కరోనా సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. బస్సు కదిలాక అన్న కిటికీలోంచి ఆ చెయ్యి బయట పెట్టి, మలుపు తిరిగేదాకా అలాగే ఉంచాడు.

తిరుగు ప్రయాణంలో నేను ముందు సీట్లో కూర్చున్నాను. నాలుగు సందులు దాటామో లేదో, ఆయన ఎడమకాలు మెల్లగా జరిగి క్లచ్ మీదికి చేరింది.

"అన్న చెయ్యి బయటనే ఉన్నది," అన్నాను.

కాలు కిందికి దిగింది. ఇంటికి చేరేలోపు ఇంకో తొమ్మిదిసార్లు అనాల్సి వచ్చింది. ఆ నెలంతా అంటూనే ఉన్నాను. ఏడాది దాటినా అదే ప్లేటు నడుస్తోంది. బ్రహ్మచారికి మా మీద కాస్త బెంగగా ఉందట.

అన్నట్టు, వాళ్లు వెళ్లిన మర్నాడు పొద్దున పల్లీల చట్నీకి మిక్సీ పెట్టాను. ఆయన ఎప్పటిలాగే లేచి వచ్చి, గోడకు ఆనుకుని, స్విచ్ మీద చెయ్యి వేశాడు. వేశాక తన చేతిని తాను చూసుకున్నాడు. తప్పు చేసి దొరికిపోయినట్టు నా వైపు చూశాడు, తియ్యమంటానేమోనని.

"ఉండనీ," అన్నాను. ఆ మిక్సీలో చెయ్యి పెట్టేది నేనే కదా.